ఇంటర్నల్ మెడిసిన్‌లో ఇటీవలి పరిశోధనలు: ప్రాక్టీసులో ఉన్న వైద్యులు తరచుగా అడిగే ప్రశ్నలు

గత కొన్నేళ్లలో వెలువడిన పెద్ద ట్రయల్స్ గురించి వైద్యుల మధ్య మాట వచ్చినప్పుడల్లా దాదాపు ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వినిపిస్తున్నాయి. ట్రయల్ ఏం తేల్చిందన్నది చాలామందికి తెలుసు. ఎదురుగా కూర్చున్న రోగికి అది వర్తిస్తుందా లేదా అన్న దగ్గరే తడబాటు వస్తోంది. అందుకే ఫలితంతో పాటు, వీలైన ప్రతిచోటా, ఆ ట్రయల్‌లో ఎవరిని చేర్చుకున్నారో, ఎవరిని మినహాయించారో కూడా చెప్పాను. రోగి వైద్యుడి దగ్గరకు వచ్చి, వార్డులో చేరి, ఇంటికి వెళ్లి, ఏళ్ల తరబడి మందులు వాడే క్రమంలోనే ప్రశ్నలను అమర్చాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తి కనుక అవసరమైన చోటు నుంచే చదువుకోవచ్చు.

## ట్రయల్ ఫలితాన్ని చదివేటప్పుడు

"20 శాతం తగ్గింది" అని రాస్తున్నారు. నా రోగికి అది ఎంత మేలు అని ఎలా చెప్పాలి?

సాపేక్ష తగ్గుదల రోగికి చెప్పదగిన అంకె కాదు. 2023లో వచ్చిన సెలెక్ట్ ట్రయల్‌నే తీసుకుందాం. మధుమేహం లేకుండా, అప్పటికే గుండె లేదా రక్తనాళాల జబ్బు ఉండి, బీఎంఐ 27 లేదా అంతకు మించి ఉన్న 17,604 మందిలో కొందరికి వారానికి 2.4 మి.గ్రా. సెమాగ్లూటైడ్ (బరువు తగ్గించే ఇంజెక్షన్), మిగిలినవారికి ప్లసీబో (మందు లేని నకిలీ ఇంజెక్షన్) ఇచ్చారు. హృదయనాళ మరణం, గుండెపోటు, పక్షవాతం కలిపి చూస్తే సెమాగ్లూటైడ్ తీసుకున్నవారిలో 6.5 శాతం మందికి, ప్లసీబో తీసుకున్నవారిలో 8.0 శాతం మందికి సంభవించాయి. హజార్డ్ రేషియో (రెండు జట్లలో ఘటనలు జరిగే వేగాల నిష్పత్తి; 1 అంటే తేడా లేదు) 0.80 కనుక పతాక శీర్షికల్లో 20 శాతం అని వచ్చింది. వాస్తవ తేడా మాత్రం 1.5 శాతం పాయింట్లు. అంటే సుమారు 67 మందికి దాదాపు నలభై నెలలు మందు ఇస్తే ఒకరికి ఆపద తప్పుతుంది. దుష్ప్రభావాల వల్ల మందు మానేసినవారు సెమాగ్లూటైడ్ జట్టులో 16.6 శాతం, ప్లసీబో జట్టులో 8.2 శాతం. ఇది చిన్న మేలు అని నేననడం లేదు, కానీ నిర్ణయం తీసుకోవలసిన రోగి ముందు ఈ రెండు వైపుల అంకెలూ ఉండాలి.

ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారంటే ఫలితం మరింత బలమైనదనా?

ఎందుకు ఆపారన్నదే ముఖ్యం. మేలు స్పష్టంగా కనిపించిందని ఆపిన ట్రయల్స్‌లో, ఉదాహరణకు 2020లో మూత్రపిండ వ్యాధిపై వచ్చిన డాపా-సీకేడీలో, మందు పనిచేస్తుందన్న నిర్ణయం నమ్మదగినదే. అయితే తేడా బాగా పెద్దదిగా ఉన్న క్షణంలో లెక్క ముగించడం వల్ల ప్రయోజనపు పరిమాణం కొంత ఎక్కువగా కనిపించే అవకాశం ఉంటుంది. హాని వల్ల ఆపిన ట్రయల్‌లోనూ పరిమాణం విషయంలో అదే జాగ్రత్త అవసరం, కానీ ఆచరణలో దానికి వెంటనే స్పందించడమే సురక్షితం. కొనసాగించినా మేలు తేలదని ఆపడం మూడో రకం. దాన్ని హాని నిరూపణగా తొందరపడి చదవకూడదు.

## ఔట్‌పేషెంట్‌లో మందు మొదలుపెట్టేటప్పుడు

మధుమేహం లేదు, ఇజెక్షన్ ఫ్రాక్షన్ (గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు బయటికి నెట్టే రక్తం శాతం) 55 శాతం, కానీ గుండె వైఫల్యం ఉంది. ఎస్‌జీఎల్‌టీ2 మందు (ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ కోవ) ఇవ్వవచ్చా?

ఇవ్వవచ్చు, వ్యతిరేక సూచనలు లేకపోతే ఇవ్వాలి కూడా. 2021లో ఎంపరర్-ప్రిజర్వ్‌డ్ ట్రయల్‌లో ఇజెక్షన్ ఫ్రాక్షన్ 40 శాతానికి మించిన 5,988 మందిలో హృదయనాళ మరణం లేదా గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడం ఎంపాగ్లిఫ్లోజిన్‌తో 13.8 శాతంగా, ప్లసీబోతో 17.1 శాతంగా తేలింది. 2022లో డెలివర్ ట్రయల్ 6,263 మందిలో డాపాగ్లిఫ్లోజిన్‌తో అదే దిశలో, 0.82 హజార్డ్ రేషియోతో, ఫలితం చూపింది. మధుమేహం ఉన్నా లేకున్నా ప్రయోజనం దాదాపు ఒకటే. ఆ ప్రయోజనంలో అధిక భాగం ఆసుపత్రిలో చేరవలసిన అవసరం తగ్గడమే. ఈ కోవ రోగుల్లో హృదయనాళ మరణాలు తగ్గినట్టు ఈ ట్రయల్స్ విడివిడిగా నిరూపించలేదు. ఊపిరాడక పదే పదే వార్డులో చేరుతున్న మనిషికి ఇంట్లో గడిపే నెలలు పెరగడం చిన్న విషయం కాదు.

ఎస్‌జీఎల్‌టీ2 మందు మొదలుపెట్టిన మూడు వారాలకు క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరును సూచించే రక్తపరీక్ష) పెరిగింది. ఆపేయాలా?

చాలా సందర్భాల్లో ఆపనక్కర్లేదు. ఈ ప్రశ్న అన్నిటికంటే ఎక్కువగా వస్తుంది, తొందరపడి ఆపడం వల్ల నష్టపోతున్న రోగులూ ఎక్కువే కనుక కొంచెం వివరంగా చెబుతాను. ఈ మందు మూత్రనాళికల్లో సోడియం, గ్లూకోజ్ తిరిగి పీల్చుకోకుండా అడ్డుకుంటుంది. దిగువన ఉన్న మాక్యులా డెన్సాకు (సోడియంను పసిగట్టే కణాలకు) సోడియం ఎక్కువగా చేరడంతో గ్లోమెరులస్‌లోకి (రక్తాన్ని వడపోసే కేశనాళికల గుత్తిలోకి) రక్తం తెచ్చే ధమనిక సంకోచించి, లోపలి పీడనం తగ్గుతుంది. వడపోత రేటు మొదట కాస్త పడిపోవడం ఆ పీడనం తగ్గిందనడానికి గుర్తు. దీర్ఘకాలంలో మూత్రపిండాన్ని కాపాడేదీ అదే. డాపాగ్లిఫ్లోజిన్‌ను పరీక్షించిన డాపా-సీకేడీలో ఈజీఎఫ్‌ఆర్ (అంచనా వేసిన వడపోత రేటు) 25 నుంచి 75 మధ్య ఉండి, అల్బుమిన్ విసర్జన ఎక్కువగా ఉన్న 4,304 మందిలో ప్రధాన ఫలితం 14.5 శాతం నుంచి 9.2 శాతానికి తగ్గింది. 2023లో ప్రచురితమైన ఎంపా-కిడ్నీ ఈజీఎఫ్‌ఆర్ 20 వరకు ఉన్నవారిని కూడా చేర్చుకుని 0.72 హజార్డ్ రేషియో చూపింది.

ఈజీఎఫ్‌ఆర్ తగ్గుదల 30 శాతం లోపు ఉండి రోగి బాగానే ఉంటే మందు కొనసాగించవచ్చు. అంతకు మించితే శరీరంలో ద్రవం తగ్గిందా, మూత్రవిసర్జన మందుల మోతాదు ఎక్కువైందా, నొప్పి మాత్రలు వాడుతున్నారా అని ముందు వెతకాలి. వాంతులు, విరేచనాలు, ఆహారం తీసుకోలేని జబ్బు వచ్చిన రోజుల్లో మందు తాత్కాలికంగా ఆపమని మొదటి రోజే చెప్పాలి. ముందే నిర్ణయించిన శస్త్రచికిత్సకు కనీసం మూడు రోజుల ముందు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ ఆపాలి; ఎర్టుగ్లిఫ్లోజిన్‌కు నాలుగు రోజులు. రక్తంలో గ్లూకోజ్ దాదాపు మామూలుగా ఉన్నప్పుడు కూడా కీటోఅసిడోసిస్ (రక్తంలో కీటోన్ ఆమ్లాలు పేరుకునే ప్రమాదకర స్థితి) రావచ్చు కనుక, ఈ మందు వాడుతున్న రోగికి వికారం, పొట్టనొప్పి, వేగంగా శ్వాస ఉంటే గ్లూకోమీటర్ అంకె చూసి ఊరుకోకుండా కీటోన్లు చూడాలి.

ఫినెరెనోన్ (ఆల్డోస్టిరోన్ హార్మోన్ ప్రభావాన్ని అడ్డుకునే మాత్ర) ఎవరికి ఉపయోగం? ఎంపాగ్లిఫ్లోజిన్‌తో కలిపి మొదలుపెట్టవచ్చా?

టైప్ 2 మధుమేహంతో పాటు మూత్రంలో అల్బుమిన్ పోతున్న మూత్రపిండ వ్యాధిలో దీనికి గట్టి ఆధారం ఉంది. 2020లో ఫిడెలియో-డీకేడీ ట్రయల్‌లో మూత్రపిండ సంబంధ ప్రధాన ఫలితం 21.1 శాతం నుంచి 17.8 శాతానికి తగ్గింది. 2024లో ఫైన్ఆర్ట్స్-హెచ్‌ఎఫ్ ఇజెక్షన్ ఫ్రాక్షన్ 40 శాతం లేదా అంతకు మించిన గుండె వైఫల్యంలోనూ మేలు చూపింది. 2025లో వచ్చిన కాన్ఫిడెన్స్ ట్రయల్ రెండు మందులను ఒకేసారి మొదలుపెట్టి చూసింది. అల్బుమిన్ విసర్జన ఫినెరెనోన్ ఒక్కదానితో పోలిస్తే 29 శాతం, ఎంపాగ్లిఫ్లోజిన్ ఒక్కదానితో పోలిస్తే 32 శాతం అదనంగా తగ్గింది. అది ప్రోత్సాహకరమే, కానీ అల్బుమిన్ తగ్గడం ప్రత్యామ్నాయ సూచిక మాత్రమే. కలిపి మొదలుపెడితే డయాలసిస్ అవసరం ఎంత తగ్గుతుందో ఆ ట్రయల్ కొలవలేదు. పొటాషియం 5.0కు మించి ఉంటే ఫినెరెనోన్ మొదలుపెట్టకూడదు, నాలుగు వారాలకు మళ్లీ చూడాలి, 5.5 దాటితే ఆపాలి.

బరువు అనుకున్నంత తగ్గింది. ఇక బరువు తగ్గించే ఇంజెక్షన్ ఆపవచ్చా అని రోగి అడుగుతున్నారు.

ఆపితే బరువు తిరిగి పెరిగే అవకాశం చాలా ఎక్కువని ముందే చెప్పాలి. సర్‌మౌంట్-4లో 36 వారాల టిర్జెపటైడ్‌తో సగటున 20.9 శాతం బరువు తగ్గినవారిని రెండు జట్లుగా విడదీశారు. తర్వాతి 52 వారాల్లో మందు కొనసాగించినవారు మరో 5.5 శాతం తగ్గగా, ప్లసీబోకు మారినవారు 14 శాతం పెరిగారు. స్థూలకాయం దీర్ఘకాలిక వ్యాధి, ఈ మందులు దీర్ఘకాలిక మందులు అన్న సంగతి చివరి రోజు కాకుండా మొదటి సంప్రదింపులోనే రోగికి తెలియాలి. ఖర్చు వల్లనో, వికారం వల్లనో ఎక్కువ కాలం కొనసాగించలేనివారితో ఆ మాట ఇంకా ముందే మాట్లాడాలి.

సిస్టాలిక్ రక్తపోటును 120 కంటే దిగువకు తీసుకురావాలా? మధుమేహం ఉన్నవారికి కూడానా?

2010లో అకార్డ్ ట్రయల్ మధుమేహ రోగుల్లో దీనికి స్పష్టమైన ప్రయోజనం చూపలేకపోయింది. 2015లో స్ప్రింట్ ప్రయోజనం చూపినా మధుమేహం ఉన్నవారిని చేర్చుకోలేదు. ఆ ఖాళీని 2024లో చైనాలో 12,821 మంది టైప్ 2 మధుమేహ రోగులతో జరిగిన బీప్రోడ్ చాలావరకు పూడ్చింది: 120 కంటే తక్కువ లక్ష్యంతో ప్రధాన హృదయనాళ ఘటనలు, 140 కంటే తక్కువ లక్ష్యంతో పోలిస్తే, 0.79 హజార్డ్ రేషియోతో తగ్గాయి. లక్షణాలతో కూడిన తక్కువ రక్తపోటు, పొటాషియం పెరగడం మాత్రం ఎక్కువయ్యాయి.

ఆచరణలో తప్పు జరిగేది కొలతలో. ఈ ట్రయల్స్‌లో రోగిని కొన్ని నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చోబెట్టి, ఆటోమేటిక్ యంత్రంతో ఒకటికి మించిన సార్లు కొలిచారు. మెట్లెక్కి వచ్చిన రోగికి మాట్లాడుతూ ఒక్కసారి కొలిచిన అంకెకు 120 లక్ష్యాన్ని అంటగడితే అవసరానికి మించి మందులు రాస్తాం. నిలబడినప్పుడు రక్తపోటు పడిపోయేవారికి, తరచుగా కిందపడే బలహీనులైన వృద్ధులకు ఆ లక్ష్యం తగదు.

స్టాటిన్ వేసుకుంటే ఒళ్లు నొప్పులని రోగి మానేస్తున్నారు. ఇంకేం చేయాలి?

ముందు స్టాటిన్‌ను మరోసారి ప్రయత్నించాలి: వేరే స్టాటిన్, తక్కువ మోతాదు, లేదా రోజు విడిచి రోజు. 2020లో శామ్సన్ ట్రయల్‌లో, దుష్ప్రభావాలతో గతంలో స్టాటిన్ మానేసిన 60 మందికి స్టాటిన్, ప్లసీబో, ఏ మాత్రా లేని నెలలు మార్చి మార్చి ఇచ్చినప్పుడు, స్టాటిన్ నెలల్లో కలిగిన బాధలో 90 శాతం ప్లసీబో నెలల్లోనూ కలిగింది. రోగి అబద్ధమాడుతున్నారని దీని అర్థం కాదు; నొప్పి నిజమే, కారణం మాత్రం చాలావరకు మాత్రలోని మందు కాదు. ఈ మాట ఎంత నెమ్మదిగా, ఎంత గౌరవంగా చెబుతామన్న దానిపైనే ఫలితం ఆధారపడుతుంది. అయినా పడకపోతే ఎజెటిమైబ్, పీసీఎస్‌కే9 నిరోధకాలతో పాటు బెంపెడోయిక్ యాసిడ్ ఉంది. 2023లో క్లియర్ అవుట్‌కమ్స్ ట్రయల్‌లో 13,970 మందిలో ఆ మందు ప్రధాన ఘటనలను 13.3 శాతం నుంచి 11.7 శాతానికి తగ్గించింది, మరణాలను తగ్గించలేదు. గౌట్, పిత్తాశయ రాళ్లు కొంచెం పెరుగుతాయి.

తేలికపాటి ఉబ్బసానికి సాల్బుటమాల్ ఇన్‌హేలర్ ఒక్కటే రాస్తే సరిపోదా?

సరిపోదు. 2019 నుంచి గీనా (ఉబ్బసంపై అంతర్జాతీయ నిపుణుల సంస్థ) మార్గదర్శకాలు దానికి వ్యతిరేకంగానే ఉన్నాయి. 2025లో బట్యూరా ట్రయల్‌లో అవసరమైనప్పుడు పీల్చే మందులో సాల్బుటమాల్‌తో పాటు బుడెసొనైడ్ కూడా ఉన్నవారిలో తీవ్రమైన ఉధృతి 5.1 శాతం మందికి, సాల్బుటమాల్ మాత్రమే ఉన్నవారిలో 9.1 శాతం మందికి వచ్చింది. తేలికపాటి ఉబ్బసంలోనూ ప్రాణాంతకమైన ఉధృతులు వస్తాయి.

## వార్డులో చేరిన తర్వాత

రక్తంలో బ్యాక్టీరియా పెరిగింది. ఏడు రోజుల యాంటీబయాటిక్ నిజంగా చాలా?

ఎంపిక చేసిన రోగుల్లో చాలు. 2024లో ప్రచురితమైన బ్యాలెన్స్ ట్రయల్ ఏడు దేశాల్లోని 74 ఆసుపత్రుల్లో 3,608 మందిపై జరిగింది. 90 రోజుల మరణాలు ఏడు రోజుల చికిత్స పొందినవారిలో 14.5 శాతం, పద్నాలుగు రోజులు పొందినవారిలో 16.1 శాతం, తక్కువ రోజుల చికిత్స ఏమాత్రం తీసిపోదని తేలింది. సగానికి పైగా రోగులు ఐసీయూలో ఉన్నవారే కనుక తేలికపాటి జబ్బుతో వచ్చిన ఫలితమని కొట్టిపారేయలేం.

మినహాయింపులు గుర్తుంచుకోకుండా ఈ ఫలితాన్ని వాడటం ప్రమాదకరం. స్టెఫిలోకాకస్ ఆరియస్, తీవ్రంగా తగ్గిన రోగనిరోధక శక్తి, కృత్రిమ కవాటాలు లేదా రక్తనాళాల్లో అమర్చిన గ్రాఫ్టులు, ఎండోకార్డైటిస్, ఎముక ఇన్ఫెక్షన్, చీము తీయని గడ్డ వంటి దీర్ఘచికిత్స కోరే మూలాలు ఈ ట్రయల్‌లో లేవు. ఎక్కువమందికి మూత్రమార్గం నుంచి, పొట్ట నుంచి వచ్చిన ఇన్ఫెక్షన్లు; అధికంగా కనిపించిన సూక్ష్మజీవి ఈ.కోలై. కనుక మూత్రమార్గం నుంచి వచ్చిన ఈ.కోలై, మూలం అదుపులోకి వచ్చింది, జ్వరం తగ్గింది అంటే ఏడో రోజున ఆపడానికి వెనుకాడనవసరం లేదు.

తీవ్రమైన న్యుమోనియాలో హైడ్రోకార్టిసోన్ (స్టెరాయిడ్) ఇవ్వాలా?

ఐసీయూ అవసరమైనంత తీవ్రమైన, సమాజంలో సోకిన న్యుమోనియాలో ఇవ్వడానికి బలమైన ఆధారం ఉంది. ఫ్రాన్స్‌లో జరిగి 2023లో ప్రచురితమైన కేప్ కాడ్ ట్రయల్‌లో రోజుకు 200 మి.గ్రా.తో త్వరగా మొదలుపెట్టినవారిలో 28 రోజుల మరణాలు 6.2 శాతం, ప్లసీబోతో 11.9 శాతం. మొదట్లో సెప్టిక్ షాక్ ఉన్నవారిని, ఇన్‌ఫ్లుయెంజా ఉన్నవారిని చేర్చుకోలేదు. 2022లో ఎస్కేప్ ట్రయల్‌లో మిథైల్‌ప్రెడ్నిసొలోన్ మరణాలను తగ్గించలేదు. మందు వేరు, కాలవ్యవధి వేరు, రోగులూ వేరు. ఇన్‌ఫ్లుయెంజా అనుమానం ఉంటే పరీక్ష ఫలితం చూశాకే స్టెరాయిడ్ ఆలోచన చేయాలి. మామూలు వార్డులో ఉన్న తేలికపాటి న్యుమోనియాకు ఈ ఫలితాన్ని సాగదీయకూడదు.

పైపరాసిలిన్-టాజోబాక్టమ్ అనే యాంటీబయాటిక్ వల్ల మూత్రపిండాలు దెబ్బతింటాయని సెఫెపిమ్ అనే మరో యాంటీబయాటిక్‌కు మారుస్తున్నాం. సరైనదేనా?

ఆ భయం మీద మాత్రమే మార్చనవసరం లేదు. 2023లో ఏకార్న్ ట్రయల్ 2,511 మందిలో ఈ రెండింటినీ పోల్చి మూత్రపిండాల దెబ్బలో తేడా లేదని తేల్చింది. మతిభ్రమ లేదా కోమా మాత్రం సెఫెపిమ్‌తో 20.8 శాతం, పైపరాసిలిన్-టాజోబాక్టమ్‌తో 17.3 శాతం. ఎంపికను అనుమానిత సూక్ష్మజీవి, స్థానిక నిరోధకత నిర్ణయించాలి.

గుండెపోటు రోగికి హిమోగ్లోబిన్ 8.5 ఉంది. రక్తం ఎక్కించాలా?

2023లో మింట్ ట్రయల్ గుండెపోటు, రక్తహీనత రెండూ ఉన్న 3,504 మందిలో 7 లేదా 8కి పడితేనే రక్తం ఎక్కించే పద్ధతిని, 10కి తగ్గకుండా నిలిపే పద్ధతితో పోల్చింది. 30 రోజుల్లో మరణం లేదా మళ్లీ గుండెపోటు మొదటి పద్ధతిలో 16.9 శాతం, రెండో దానిలో 14.5 శాతం. రిస్క్ రేషియో 1.15, విశ్వాస అవధి (అసలు విలువ ఉండగల పరిధి) 0.99 నుంచి 1.34. గణాంక పరిభాషలో తేడా నిరూపణ కాలేదు, నిజమే. కానీ ఆ అవధి దాదాపు అంతా ఒకే వైపు ఉంది. గుండె సంబంధ మరణాలు కూడా తక్కువ రక్తం ఇచ్చినవారిలోనే ఎక్కువ. దీన్ని "తేడా లేదు" అని చదవడం పొరపాటని నా అభిప్రాయం. ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం లేని గుండెపోటు రోగికి నేనైతే 10 వైపే మొగ్గుతాను, ఒక్కో యూనిట్ చొప్పున, నెమ్మదిగా. వార్డులోని ఇతర స్థిర రోగులకు 7 అన్న పరిమితి దీనివల్ల మారదు.

## డిశ్చార్జి చేసేటప్పుడు

గుండె వైఫల్య మందుల మోతాదును నెలల మీద నెమ్మదిగా పెంచడమే క్షేమం కాదా?

కాదని 2022లో స్ట్రాంగ్-హెచ్‌ఎఫ్ చూపింది. తీవ్ర గుండె వైఫల్యంతో చేరిన 1,078 మందిలో ఒక జట్టుకు డిశ్చార్జికి ముందే పూర్తి మోతాదులో సగం, ఇంటికి వెళ్లిన రెండు వారాల్లో పూర్తి మోతాదు లక్ష్యంగా పెట్టారు. 180 రోజుల్లో మరణం లేదా గుండె వైఫల్యంతో మళ్లీ చేరడం 15.2 శాతం, మామూలు పద్ధతిలో 23.3 శాతం. ఈ మేలు మోతాదు వల్ల మాత్రమే రాలేదు. ఒకటి, రెండు, మూడు, ఆరు వారాలకు రోగిని పిలిచి పరీక్షించారు, పొటాషియం, మూత్రపిండాల పనితీరు, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ (గుండెపై ఒత్తిడిని సూచించే రక్తపరీక్ష) చూశారు; ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ డిశ్చార్జి నాటి కంటే 10 శాతానికి మించి పెరిగితే బీటా బ్లాకర్ పెంచలేదు. చేర్చుకునేటప్పుడు సిస్టాలిక్ 100, గుండె వేగం 60, ఈజీఎఫ్‌ఆర్ 30 కంటే తక్కువ కాకుండా, పొటాషియం 5.0కు మించకుండా చూశారు. ఆ సందర్శనలు ఏర్పాటు చేయలేని చోట మోతాదు మాత్రం వేగంగా పెంచడం ఆ ట్రయల్‌ను అనుసరించడం కాదు.

గుండెపోటు వచ్చింది, ఇజెక్షన్ ఫ్రాక్షన్ మామూలుగా ఉంది. బీటా బ్లాకర్ రాయాలా?

ఇజెక్షన్ ఫ్రాక్షన్ 50 శాతం లేదా అంతకు మించి ఉండి, ఆంజైనా, అరిథ్మియా, అధిక రక్తపోటు వంటి వేరే అవసరం లేకపోతే అందరికీ రాయవలసిన పని లేదు. 2024లో రెడ్యూస్-ఎఎంఐ 5,020 మందిలో, 2025లో స్పెయిన్, ఇటలీలలో జరిగిన రీబూట్ ఎనిమిది వేలకు పైగా రోగుల్లో ప్రయోజనం చూపలేదు. నార్వే, డెన్మార్క్‌లలో జరిగిన బెటామీ-డాన్‌బ్లాక్ మాత్రం 16.3 శాతం నుంచి 14.2 శాతానికి తగ్గుదల చూపింది, ముఖ్యంగా మళ్లీ వచ్చే గుండెపోట్లలో. ఈ ట్రయల్స్‌లోని రోగుల వివరాలను కలిపి చూసినప్పుడు ఇజెక్షన్ ఫ్రాక్షన్ 40 నుంచి 49 మధ్య ఉన్నవారికి మేలు కనిపించింది, 50, ఆపై ఉన్నవారికి కనిపించలేదు. ఇప్పటికే ఏళ్లుగా వాడుతున్నవారి సంగతి వేరు: 2024లో అబిస్ ట్రయల్‌లో ఆపేసినవారిలో ఘటనలు 23.8 శాతం, కొనసాగించినవారిలో 21.1 శాతం. ఆపడం కొనసాగించడానికి తీసిపోదని ఆ ట్రయల్ నిరూపించలేకపోయింది.

## ఏళ్ల తరబడి వాడుతున్న మందులను సమీక్షించేటప్పుడు

స్టెంట్ వేసి రెండేళ్లయింది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు (గుండె పై గదుల లయ తప్పడానికి) అపిక్సబాన్ (రక్తం గడ్డకట్టకుండా చేసే యాంటీకోయాగ్యులెంట్) వాడుతున్నారు. ఆస్పిరిన్ కూడా ఉంచాలా?

ఉంచకూడదు. 2019లో అఫైర్ ట్రయలే ఆ దిశ చూపింది. 2025లో అక్వాటిక్ ట్రయల్ మళ్లీ గుండెపోటు వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉన్నవారిని, అంటే ఆస్పిరిన్ ఆపడానికి మనం భయపడే రోగులనే, ఎంచుకుంది. స్టెంట్ వేసి ఆరు నెలలు దాటి యాంటీకోయాగ్యులెంట్ వాడుతున్న 872 మందిలో ఆస్పిరిన్ చేర్చిన జట్టులో అన్ని కారణాల మరణాలు 13.4 శాతం, ప్లసీబోతో 8.4 శాతం, పెద్ద రక్తస్రావం 10.2 శాతం, 3.4 శాతం. ట్రయల్‌ను ముందుగానే ఆపేశారు. పాత చీటీలో ఉన్నందువల్ల కొనసాగుతున్న ఆస్పిరిన్‌ను వెతికి తీసేయడం ఈ సమీక్షలో మొదటి పని.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు వార్ఫరిన్ మీద స్థిరంగా ఉన్న ఎనభై ఏళ్ల రోగిని అపిక్సబాన్ లాంటి కొత్త మందుకు మార్చాలా?

రోగి బలహీనంగా ఉండి, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే వేగాన్ని చూపే పరీక్ష) బాగానే ఉంటే కేవలం కొత్తదన్న కారణంతో మార్చవద్దు. నెదర్లాండ్స్‌లో జరిగిన ఫ్రెయిల్-ఏఎఫ్ ట్రయల్ 75 ఏళ్లు, ఆపై వయసున్న 1,330 మంది బలహీన వృద్ధులను పరిశీలించింది. కొత్త మందుకు మార్చినవారిలో 15.3 శాతం మందికి, వార్ఫరిన్ తరహా మందు కొనసాగించినవారిలో 9.4 శాతం మందికి గణనీయమైన రక్తస్రావం అయింది. కొత్తగా చికిత్స మొదలుపెట్టే రోగులకు ఈ ఫలితం వర్తించదు. రుమాటిక్ మైట్రల్ స్టెనోసిస్ ఉన్నవారికి మాత్రం మొదటి నుంచీ వార్ఫరిన్ తరహా మందే: 2022లో ఇన్విక్టస్ ట్రయల్‌లో రివరోక్సబాన్ తీసుకున్నవారిలో మరణాలు ఎక్కువయ్యాయి.

క్యాన్సర్ రోగికి రక్తం గడ్డకట్టి ఆరు నెలల చికిత్స పూర్తయింది. మోతాదు తగ్గించవచ్చా?

తగ్గించవచ్చు. 2025లో ఏపీఐ-క్యాట్ ట్రయల్ 1,766 మందిలో రోజుకు రెండుసార్లు 2.5 మి.గ్రా. అపిక్సబాన్‌ను 5 మి.గ్రా.తో పోల్చింది. మళ్లీ గడ్డకట్టడం 2.1, 2.8 శాతం, గణనీయమైన రక్తస్రావం 12.1, 15.6 శాతం. క్యాన్సర్ చురుగ్గా ఉన్నంతకాలం ఆ తక్కువ మోతాదు కొనసాగించడం సబబు. మొదటి ఆరు నెలలు మాత్రం పూర్తి మోతాదే ఇవ్వాలి.